శ్రీలంక వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: ఏది వదలకూడదు, ఎక్కడ ఆగాలి?

కృష్ణలంక అమ్మాయి
జనవరిలో అమ్మానాన్నలతో శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. ప్యాకేజీ వాళ్లు కొలంబో, క్యాండీ, నువర ఎలియా, బెంతోట అని ప్లాన్ ఇచ్చారు. అందులో అనురాధపురం, త్రింకోమలీ లేవు. అమ్మకి శాంకరీదేవి దర్శనం చేసుకోవాలని ఎప్పట్నుంచో కోరిక. నాన్నకి చరిత్రంటే ప్రాణం, కానీ మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. మీరు చూసినవి చెప్తే ప్లాన్ మార్పించుకుంటాను.

మాచర్ల మాస్టారు
అమ్మా, బెంతోట బీచ్ తీసేసి ఆ సమయం అనురాధపురానికి ఇవ్వండి. చరిత్ర ఇష్టపడే మనిషిని శ్రీలంక తీసుకెళ్లి ఆ ప్రాచీన రాజధాని చూపించకుండా తీసుకురావడం అన్యాయం. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ నుంచి తెచ్చిన బోధికొమ్మను క్రీ.పూ. 3వ శతాబ్దంలో అక్కడ నాటారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ చిగురిస్తోంది. కొమ్మలకు బంగారు రంగు ఊతకర్రలు పెట్టారు. తెల్లబట్టలు కట్టుకుని, చేతుల్లో తామరలతో కుటుంబాలకు కుటుంబాలే వచ్చి ఇసుకలో కూర్చుంటాయి. మీరూ కాసేపు కూర్చోండి, గైడ్ తొందరపెట్టినా లేవకండి.

పక్కనే జేతవనారామ స్తూపం. మహాసేనుడనే రాజు మొదలుపెట్టిన ఆ ఇటుకల స్తూపం అప్పట్లో 122 మీటర్ల ఎత్తు ఉండేదట. ఈజిప్టు పెద్ద పిరమిడ్లను పక్కన పెడితే ప్రాచీన ప్రపంచంలో అంత ఎత్తు కట్టడాలు చాలా అరుదు.

మా వైపు వాళ్లకి ఇంకో సంగతి. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండలో బోధిశ్రీ అనే ఉపాసిక తామ్రపర్ణి, అంటే శ్రీలంక, భిక్షువుల కోసం చైత్యగృహం, అంటే స్తూపమున్న పూజామందిరం, కట్టించిందని శాసనం ఉంది. అక్కడ సింహళ విహారం కూడా ఉండేది. చిన్నప్పట్నుంచీ మ్యూజియంలో ఆ రాళ్లు చూసిన నేను అనురాధపురంలో అడుగుపెట్టినప్పుడు, ఆ భిక్షువులు బయల్దేరిన గడపకి ఇన్నాళ్లకి వచ్చాననిపించింది.

మధ్యాహ్నం రాతి నేల కాలిపోతుంది, చెప్పులు బయటే వదలాలి. దళసరి సాక్సులు పెట్టుకోండి.

సింగపూర్ తెలుగు
మాస్టారూ, బెంతోట గురించి ఒప్పుకోను. జనవరిలో దక్షిణం, పడమర తీరాలు ఎండగా, సముద్రం ప్రశాంతంగా ఉంటాయి. అదే సమయంలో త్రింకోమలీ ఉన్న తూర్పు తీరానికి ఈశాన్య రుతుపవనాల వాన. పెద్దవాళ్లకి చివర్లో ఒక రోజు విశ్రాంతి కావాలి కదా. బీచ్ తగ్గించుకోండి, పూర్తిగా తీసేయొద్దు. వీలైతే బెంతోట బదులు గాలే కోటలో ఉండండి. పోర్చుగీసు వాళ్లు మొదలుపెట్టి డచ్చి వాళ్లు పెంచిన కోట అది. సాయంత్రం ప్రాకారం మీద సముద్రపు గాలికి నడవొచ్చు, మెట్ల బాధ పెద్దగా ఉండదు.

పాలమూరు బాటసారి
నాన్నగారి మోకాళ్ల గురించి: సిగిరియా బండకోట పైదాకా దాదాపు 1200 మెట్లు. ఆయన్ని పైకి ఎక్కించొద్దు, అలాగని హోటల్లోనూ వదిలేయొద్దు. తండ్రి ధాతుసేనుణ్ని చంపించి గద్దెనెక్కిన కశ్యపుడు (477–495) ఆ బండ మీద కోట కట్టాడు. కానీ ఆ పనితనమంతా కింద తోటల్లోనే తెలుస్తుంది. కొలనులు, కాలవలు, భూమిలోపల గొట్టాలు, ఫౌంటెన్లు. వానాకాలంలో కొన్ని ఇప్పటికీ చిమ్ముతాయి. అదంతా చదును నేలే.

ఎక్కగలిగినవాళ్లు దారిలో అద్దంలా నునుపు చేసిన అద్దం గోడ దగ్గర ఆగండి. పైనున్న చిత్రాల్లోని స్త్రీలను చూసి మైమరచిన యాత్రికులు వందల ఏళ్ల కిందట ఆ గోడ మీద సింహళంలో పద్యాలు గీకి వెళ్లారు. ఒకరు పొగిడితే ఇంకొకరు ఈ అమ్మాయిలు పలకరేమిటని అలిగారు. అక్షరాలు సన్నగా, వంకర్లు తిరిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వెలుతురు పక్కనుంచి పడితేనే కనబడతాయి. గేటు తెరవగానే వెళ్లండి. చిత్రాలకి ఫొటోలు తీయనివ్వరు.

పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి, సార్క్ (దక్షిణాసియా) దేశాల వాళ్లకి టికెట్ బాగా తగ్గుతుంది. దంబుల్లాలో బస పెట్టుకుంటే సిగిరియా, అనురాధపురం, త్రింకోమలీ మూడూ అక్కణ్నుంచే చూసి రావచ్చు.

టీ కప్పు
అమ్మగారి దర్శనం మానొద్దండి, వానొస్తే గొడుగు వేసుకుని వెళ్లొచ్చు. శాంకరీదేవి సన్నిధి త్రింకోమలీలో కోనేశ్వరం గుడి పక్కనే. పోర్చుగీసు వాళ్లు 1622లో పాత గుడిని కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. సముద్రానికి నిట్టనిలువుగా ఉన్న కొండ అంచున ఉంటుంది. కోట లోపల్నుంచి దారి, దారంతా చుక్కల జింకలు తిరుగుతుంటాయి.

క్యాండీ నుంచి నాను ఓయ దాకా రైల్లో వెళ్లండి, నువర ఎలియాకి అదే స్టేషన్. రిజర్వేషన్ తెరవగానే టికెట్లు అయిపోతాయి. మాకు ఒక ఏజెంట్ రెట్టింపు కంటే ఎక్కువ తీసుకుని చివరి రోజుదాకా టెన్షన్ పెట్టాడు. వానలకి కొండచరియలు పడితే ఈ లైన్ ఆపేస్తారు, బయల్దేరే ముందు కనుక్కోండి.

కిటికీలోంచి కనిపించే తేయాకు తోటల వెనక బాధ కూడా తెలుసుకుని చూడండి. కాఫీ పంట తెగులుతో పోయాక టీ అంతటా పాకింది. అంతకు కొంచెం ముందే, 1867లో, జేమ్స్ టేలర్ లూల్‌కందురలో అమ్మకం కోసం మొదటి టీ తోట వేశాడు. కోసేవాళ్లు తమిళనాడు నుంచి తెచ్చిన కూలీల మనవలు, మునిమనవలు. ఇప్పటికీ చాలామంది బ్రిటిష్ కాలం నాటి లైన్ ఇళ్లలోనే, అంటే వరసగా కట్టిన ఇరుకు గదుల్లోనే, ఉంటున్నారు. ఫొటో తీసే ముందు అడగండి.

మాచర్ల మాస్టారు
క్యాండీలో బుద్ధుడి దంతం ఉంచిన దంతధాతువు ఆలయం అందరూ చూస్తారు. చివరి రాజుల సంగతి మాత్రం గైడ్లు ఒక్క ముక్కలో దాటేస్తారు. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలింది మదురై నుంచి వచ్చిన నాయక వంశం, తెలుగు మూలాలున్నవాళ్లు. వాళ్లలో కీర్తిశ్రీ రాజసింహుడు సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి, ఆగిపోయిన ఉపసంపదను, అంటే భిక్షువుల పూర్తి దీక్షను, 1753లో మళ్లీ నిలబెట్టాడు. శైవ కుటుంబంలో పుట్టిన రాజు బౌద్ధానికి చేసిన ఆ మేలు మనవాళ్లకి తెలియాలి. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు. ఆలయం ముందున్న చెరువు ఆయన తవ్వించిందే. బ్రిటిష్ వాళ్లు పట్టుకుని వెల్లూరు పంపారు, 1832లో అక్కడే పోయాడు.

పాలమూరు బాటసారి
తెలుగు అంటే గుర్తొచ్చింది. అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ దగ్గర కుడాగమ అనే ఊళ్లో అహికుంటకులు ఉంటారు. పాములాడించడం, చేయి చూసి జోస్యం చెప్పడం పాత వృత్తులు. వాళ్ల ఇంటి భాష తెలుగే. యాస వేరుగా ఉన్నా మాటలు చెవికి పడతాయి. వింత చూడ్డానికి మాత్రం వెళ్లొద్దు, తెలిసినవాళ్లు తీసుకెళ్తే సొంతవాళ్లను పలకరించినట్టు పలకరించండి.

కృష్ణలంక అమ్మాయి
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. నాన్న మాస్టారి పోస్టు రెండుసార్లు చదివించుకున్నారు. మరి తిండి సంగతి?

టీ కప్పు
ఇడియాప్పం, ఆప్పం, పరిప్పు అనే పప్పు ఎక్కడైనా దొరుకుతాయి. పోల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడి చూసి మోసపోవద్దు. చాలాచోట్ల అందులో ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు, కూరల్లోనూ వేస్తారు. కొత్త చోట ప్రతిసారీ “ఉంబలకడ వద్దు” అని ముందే చెప్పండి. గేదె పెరుగులో కితుల్ అనే తాటిజాతి చెట్టు పాకం పోసి ఇస్తారు, అది అమ్మగారు హాయిగా తినొచ్చు.

సింగపూర్ తెలుగు
తేదీలు ఖాయం చేసేముందు పౌర్ణమి ఎప్పుడో చూడండి. ప్రతి పౌర్ణమీ అక్కడ పోయ సెలవు. జనవరిలో వచ్చేది దురుతు పోయ. దానికి ముందు రాత్రుల్లో కొలంబో పక్కనే కెలనియ గుడిలో పెరహెర అనే ఏనుగుల ఊరేగింపు ఉంటుంది. అప్పుడు వెళ్తే కొలంబోలో గది ముందే తీసుకోండి, వీసా నిబంధనలు అధికారిక ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) సైట్‌లోనే చూసుకోండి.