ఫ్లాట్ కొంటున్నాం, బిల్డర్ ఇచ్చిన ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లీన్‌గా ఉంది. ఇది చాలా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూశాం, పని ఇంకా జరుగుతోంది. లక్ష టోకెన్ ఇచ్చాం, మిగతా అడ్వాన్స్ శుక్రవారం లోపు కట్టమంటున్నారు. ఫైల్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా ఉంది, అందులో ఏ గొడవా లేదు. బ్యాంకు లోన్ ఇస్తోందంటే వాళ్ల లాయర్ చూసినట్టే కదా అంటున్నాడు బిల్డర్. భూమి ఆయనది కాదు, ఎవరో అన్నదమ్ములు, కట్టిన ఫ్లాట్లలో వాటా తీసుకునేలా, డెవలప్‌మెంట్‌కి ఇచ్చారట. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బులు కూడా ఇందులోనే పెడుతున్నాం, చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకేం చూడాలి?

జవాబు:
ఆ ఈసీ దేని మీద తీశారో ముందు చూడండి. ఫ్లాట్ నంబరు మీద తీస్తే ఖాళీగానే వస్తుంది. సర్వే నంబరు మీద, బై నంబర్లతో (ఆ సర్వే నంబరు కింద విడగొట్టిన ఉప నంబర్లతో) సహా, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి మీరే తీసుకోండి. అయినా ఈసీలో కనపడేవి రిజిస్టర్ అయిన కాగితాలే. కోర్టు కేసులు, ఇంట్లో తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాలు, రిజిస్టర్ చేయని వీలునామాలు అందులోకి రావు.

మా సంగతి చెప్తాను. మాకూ అన్నదమ్ములు ఇచ్చిన భూమే, నలుగురు. మూడో స్లాబ్ పడ్డాక వాళ్ల చెల్లెలు నా వాటా ఏదని పార్టిషన్ (పంపకం) దావా వేసింది, కోర్టు ఉన్నది ఉన్నట్టే ఉంచాలని స్టేటస్ కో ఇచ్చింది, రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. మూడేళ్లు ఒక చేత్తో అద్దె, ఒక చేత్తో బ్యాంకు వడ్డీ కట్టాం. ఆవిడది తప్పని నేనెప్పుడూ అనను. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా హక్కుందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెప్తోంది, ఆ రోజుకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో సంతకాలు పెట్టినవాళ్ల ఫోటోలు, వేలిముద్రలు అంటించిన పేజీ ఒకటి ఉంటుంది. ఆ పేజీ ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. నాలుగు ఫోటోలూ మగవాళ్లవే, ఇంట్లో ఆడపిల్లలే లేరా అని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. మీరు ఆ పేజీ తీసి చూడండి, ఆ అన్నదమ్ముల తండ్రి పేరు మీద ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి.

జవాబు:
నేను లాయర్ ఆఫీసులో డాక్యుమెంట్లు చూసే పని చేస్తాను. పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇంకో రెండు మూడు కలుపుతాను.

మీ ఫ్లాట్ ఎవరి వాటాలోది? ఏ ఫ్లాట్ ఓనర్లకి, ఏది బిల్డర్‌కి అని పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్ అడగండి, అది ఓనర్ వాటాలోదైతే బిల్డర్ ఒక్కడి సంతకంతో పని జరగదు. కట్టడానికి పర్మిషన్ ఇచ్చే ఆఫీసు కట్టడంలో పది శాతం తన పేర తాకట్టు పెట్టించుకుంటుంది, అందులో పడిన ఫ్లాట్ ఓసీ (పని పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చి తాకట్టు విడుదలయ్యేదాకా రిజిస్టర్ కాదు. తాకట్టు డీడ్‌లో ఫ్లాట్ నంబర్లు ఉంటాయి, చదువుకోండి.

భూమి పుట్టుక కోసం 1954-55 ఖాస్రా పహాణీ (పాత రెవెన్యూ భూమి రికార్డు) తీయించండి. ఇనాం (పూర్వం పాలకులు బహుమానంగా ఇచ్చిన భూమి) అని ఉంటే ఓఆర్‌సీ, అంటే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్ కావాలి, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి) అయితే ఇక వదిలేయడమే. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా, అదే 22ఎ, అందులో సర్వే నంబరు ఉందేమో చూడండి. పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ హద్దులు కూడా.

బ్యాంకు లాయర్ బ్యాంకు కోసం చూస్తాడు. ఫ్లాట్ వివాదంలో పడ్డా మీ ఈఎంఐ ఆగదు, కాబట్టి మీకంటూ ఒక లాయర్‌ని పెట్టుకుని రాతపూర్వకంగా ఒపీనియన్ తీసుకోండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. టైటిల్ లోపం వల్ల నష్టపోతే పరిహారం అడగడానికి రెరా చట్టంలో 18వ సెక్షన్ ఉంది, దానికి కాలపరిమితి అడ్డు రాదు. కానీ డబ్బు ఇరుక్కున్నాక తిరిగే కంటే ఇప్పుడు నాలుగు రోజులు ఆగడం మేలు.

అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఆ పేజీ చూశాను. ముగ్గురూ మగవాళ్లే. ఆడపిల్లలున్నారా అని అడిగితే ఇద్దరున్నారు, పెళ్లిళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశారు అన్నాడు బిల్డర్. కాగితం ఉందా అంటే లేదు. సర్వే నంబరు మీద ఈసీ తీస్తే పాత తాకట్టు ఒకటి కనిపించింది, విడుదలైనట్టు ఎంట్రీ లేదు. శుక్రవారం డబ్బు కట్టడం లేదు. ఆ ఇద్దరు ఆడపిల్లల చేత రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటున్నట్టు కాగితం) రిజిస్టర్ చేయిస్తే అప్పుడు మాట్లాడదాం అన్నాను, నాన్నగారు కూడా సరేనన్నారు.

జవాబు:
మంచి పని చేశారు. టోకెన్‌కి రసీదు ఉందా? లేకపోతే ఫలానా తేదీన ఇంత ఇచ్చాం, రిలీజ్ డీడ్, పాత తాకట్టు విడుదల కాగితం వచ్చేదాకా ఆపుతున్నాం అని ఈరోజే వాట్సాప్‌లో పెట్టి, ఆయన చేత సరే అనిపించుకోండి.