బ్యాలెన్స్ లేకపోయినా సర్కారు సైట్లు తెరుచుకోవాలా? (చర్చ)

నాగావళి (రాయగడ):
నాది చిన్న ఆన్‌లైన్ సెంటర్. రేషన్ కార్డుల ఈ-కేవైసీ, సుభద్ర ఫారాలు, కులం సర్టిఫికెట్లు, కరెంటు బిల్లులు అన్నీ చేస్తాం. చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇది. పదిమంది మాటా విందామని ఇక్కడ పెడుతున్నాను.

బయటివాళ్లకి తెలియకపోవచ్చు, సుభద్ర అంటే ఒడిశాలో ఆడవాళ్లకి ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతల్లో ఇచ్చే పథకం. డబ్బు పడిందా, పేరు జాబితాలో ఉందా, కేవైసీ ఎందుకు ఆగింది అని చూపించుకోవడానికి మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి స్మార్ట్‌ఫోన్ ఉంటుంది. ప్యాక్ మాత్రం ఉండదు. చేతిలో ఉన్న ఫోన్లో చూసుకోగలిగినదానికి నాకు డబ్బులిచ్చి వెళ్తారు. నాకు గిరాకీయే, కాదనను. అయినా బాగా అనిపించదు.

అందుకని నేననేది: రేషన్, పింఛను, ఆధార్, స్కాలర్‌షిప్ లాంటి సర్కారు సైట్లు బ్యాలెన్స్ సున్నా అయినా తెరుచుకోవాలి. ఖర్చు కంపెనీలు పెట్టుకుంటాయో, ప్రభుత్వం కడుతుందో వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. దీనికి 2016లో ట్రాయ్ (ఫోన్ కంపెనీల మీద ఉండే కేంద్ర నియంత్రణ సంస్థ) తెచ్చిన నిబంధన అడ్డమని ఒకాయన అన్నారు. వెతికి చూశాను, నిజమే. ఏ సైటు చూస్తున్నామనే దాన్నిబట్టి డేటా ధర మార్చకూడదట. మారిస్తే కంపెనీకి రోజుకి 50,000 చొప్పున, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. అత్యవసర సేవలకి, పెద్ద విపత్తు సమయాలకి మాత్రం మినహాయింపు ఉంది. పేదింటి ఆడమనిషి తన పథకం డబ్బులు చూసుకోవడానికి కూడా అడ్డొచ్చే నిబంధనని మార్చమని అడగాలా, వద్దా?

గుణుపురం రీఛార్జ్:
అడగాల్సిందే అక్కా. 2024 జులైలో 239 ప్యాక్ ఒక్కసారిగా 299 అయినప్పుడు కౌంటర్లో కూర్చున్నవాడిని నేను. తిట్లన్నీ నాకే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
నాగావళి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ నిబంధన ఎలా వచ్చిందో చెప్పాకే మార్చాలో వద్దో మాట్లాడుకుందాం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

2014 చివర్లో ఎయిర్‌టెల్, ఇంటర్నెట్ మీద కాల్స్ చేసుకుంటే అదనంగా వసూలు చేస్తామంది. గొడవ కావడంతో వెనక్కి తగ్గింది. 2015 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో అని ఇంకోటి తెచ్చింది. యాప్ కంపెనీ తమకి డబ్బు కడితే, ఆ యాప్ మనకి డేటా ఖర్చు లేకుండా వస్తుంది. ఫ్లిప్‌కార్ట్ చేరబోయి, జనం తిరగబడటంతో బయటికొచ్చేసింది. అప్పటికి ట్రాయ్ అభిప్రాయాలు అడుగుతోంది, పది లక్షలకి పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఆ తర్వాత ఫేస్‌బుక్ వంతు. ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అని మొదలుపెట్టి, ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చి, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి, పేదలకి ఉచిత ఇంటర్నెట్ అంది. మీరు ఇప్పుడంటున్న మాటే దాదాపుగా వాళ్లూ అన్నారు. ఆరోగ్యం, చదువు, ఉద్యోగాలు, వాతావరణం అన్నీ ఉచితం. కాకపోతే ఏ సైట్లు అందులో ఉంటాయో ఫేస్‌బుక్ తేలుస్తుంది.

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మన తెలుగువాళ్లం గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇంకొకటుంది. 2015 ఫిబ్రవరిలో దాన్ని మొదలుపెట్టింది ఆరు రాష్ట్రాల్లో. ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి. ఒడిశా లేదు. అంటే ఆంధ్రలోని పాతపట్నం వాడి సిమ్‌కి ఉచితం, పక్కనే పర్లాకిమిడిలో మా సిమ్‌కి లేదు. పేదరికంలో మనం వాళ్లకి ఏం తీసిపోయామని? కంపెనీ లెక్కలో మన సర్కిల్, అంటే ఫోన్ సేవలకి విడదీసిన ఒడిశా ప్రాంతం, ముందు వరసలో లేదు, అంతే. ఉచితం ఇచ్చేవాడి చేతిలో జాబితా ఉన్నప్పుడు జరిగేది ఇదే. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఆ జాబితాలన్నీ వద్దంది. మంచి పని చేసింది.

బరంపురం బాబ్జీ:
మాస్టారూ, చరిత్ర బాగుంది. కానీ ఫేస్‌బుక్ జాబితా వేరు, సర్కారు జాబితా వేరు కదా! డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉన్న ప్రతిదీ ఉచితం అంటే అందులో పక్షపాతం ఏముంది?

గోపాల్‌పూర్ గాలి:
పక్షపాతం తర్వాత. ముందు అది పని చేయదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా.

మీరు తెరిచేది ఒక సర్కారు సైటు. అది తెరుచుకోవడానికి వెనక ఇంకో పది చోట్ల నుంచి సరుకు రావాలి. మ్యాప్ గూగుల్‌ది, ఫారం ఎలా నింపాలో చూపించే వీడియో యూట్యూబ్‌లో, ఫీజు కట్టే పేజీ ఏదో ప్రైవేటు గేట్‌వేది, అక్షరాల ఫాంట్ ఇంకెక్కడిదో. ఒక్క పేరుకి డేటా ఉచితం చేస్తే సగం పేజీ వచ్చి ఆగిపోతుంది. వెనకున్నవన్నీ ఉచితం చేస్తే జాబితాలోకి గూగుల్, యూట్యూబ్ వచ్చేసినట్టే. పైగా మీరు ఏ సైటుకి వెళ్తున్నారో ప్రతిసారీ కంపెనీ చూసి లెక్క రాయాలి. ఏ జబ్బు గురించి చూశారు, ఏ ఫిర్యాదు పెట్టారు అన్నీ.

ఇక పక్షపాతం సంగతి. ఇంట్లో డిష్ టీవీ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇక్కడ మామూలు ప్యాక్‌లో ఒడియా, హిందీ వస్తాయి, తెలుగు చానళ్లు కావాలంటే వేరే డబ్బు. ఇంటర్నెట్‌లో ఆ బాధ ఎందుకు లేదంటే, బరంపురంలో కూర్చుని శ్రీకాకుళం జిల్లా వార్త చదివినా, భువనేశ్వర్ వార్త చదివినా ఎంబీకి ఒకటే ధర. జాబితా అన్నది ఒకసారి మొదలైతే ఒడిశా సర్కిల్ జాబితాలో తెలుగు సైటు ఎవడు పెడతాడు? వ్యాపారంగా చూస్తే పెట్టకపోవడమే వాళ్లకి సబబు. అందుకే నాకు భయం.

ఘాట్ రోడ్ (పొట్టంగి):
మీరంతా టవర్ ఉన్నచోట కూర్చుని మాట్లాడుతున్నారు. మా వైపు కొండ ఎక్కితే ఒక గీత, దిగితే సున్నా. ఉపాధి పని దగ్గర మేట్ హాజరు ఫోటో ఎక్కించడానికి గట్టు మీదికి పోవాలి. ఎక్కకపోతే కూలి ఎగిరిపోయే టెన్షన్. అన్ని సైట్లనీ సమానంగా చూడాలంటారు. మాకు అన్ని సైట్లూ సమానమే, ఏదీ రాదు.

గుణుపురం రీఛార్జ్:
హహ. ఇది నిజం.

బరంపురం బాబ్జీ:
ఘాట్ రోడ్ అన్నయ్య అన్నదే నా అసలు పాయింటు. టవర్ ఎవడు కడతాడు? కొండమీద నలభై ఇళ్లకి టవర్ వేస్తే డీజిల్ ఖర్చు కూడా రాదు. ఫోన్ కంపెనీల సంఘం 2023 నుంచి ఒకటే అడుగుతోంది: డేటాలో ఎక్కువ భాగం నాలుగైదు పెద్ద కంపెనీల వీడియోలదే, వాళ్లు మా నెట్‌వర్క్ ఖర్చులో కొంత భరించాలి. నాకు తప్పుగా అనిపించదు. ఆ డబ్బుతో పొట్టంగిలో టవర్ వేయమనండి. అన్ని సైట్లనీ సమానంగా చూడాలనే మీ నెట్ న్యూట్రాలిటీ వాళ్లు దానికీ అడ్డమే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
బాబ్జీ, ఆ వీడియో చూడటానికి నువ్వు ఇప్పటికే 299 కట్టావు. ఒకే పార్శిల్‌కి పంపినవాడి దగ్గర, అందుకున్నవాడి దగ్గర రెండు చోట్లా వసూలు చేస్తామంటున్నారు. దక్షిణ కొరియాలో ఇలాంటి పద్ధతే పెట్టారు. ఎస్‌కే బ్రాడ్‌బ్యాండ్, నెట్‌ఫ్లిక్స్ ఏళ్ల తరబడి కోర్టులో కొట్టుకుని 2023లో రాజీపడ్డాయి. అక్కడ కొండ మీద పల్లెకి దానివల్ల ఏం ఒరిగిందో ఎవరైనా చూపిస్తే వింటాను.

కొండకి టవర్ కట్టే డబ్బు సంగతి అంటావా, అది ఉంది. కంపెనీల రాబడి నుంచి 5 శాతం ఎప్పటినుంచో ఇందుకోసమే తీస్తున్నారు. పాత పేరు యూఎస్ఓ ఫండ్, 2023 చట్టం తర్వాత డిజిటల్ భారత్ నిధి. 2021 నవంబరులో కేంద్ర కేబినెట్ అయిదు రాష్ట్రాల్లో వెనకబడిన 44 జిల్లాల్లోని 7,287 ఊళ్లకి 4జీ ఇస్తామని 6,466 కోట్లు ఒప్పుకుంది. ఆ రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్ర రెండూ ఉన్నాయి. 2022 జులైలో దేశమంతటా 24,680 ఊళ్లకి ఇంకో 26,316 కోట్లు. 2025 సెప్టెంబరులో బీఎస్ఎన్ఎల్ 4జీని ప్రధాని ప్రారంభించింది మన ఒడిశాలోనే, ఝార్సుగుడలో. 97,500 టవర్లన్నారు. డబ్బు లేదనడం కుదరదు. ఏ ఊళ్లో టవర్ లేచింది, లేచినది పనిచేస్తోందా అని ఊరి పేరు పెట్టి అడిగేవాళ్లు లేరు.

ఘాట్ రోడ్ (పొట్టంగి):
లేచినదానికి కరెంటు ఉందా అని కూడా అడగండి మాస్టారూ.

నాగావళి (రాయగడ):
మాస్టారూ, గాలి గారూ, ఇద్దరూ చెప్పింది శ్రద్ధగా చదివాను. సైటు వెనక పది సైట్లుంటాయన్న మాటకి నా దగ్గర జవాబు లేదు, రోజూ చూసేదే. కానీ ఒకటి అడుగుతాను. మీరు జాబితా వద్దంటారు, సరే. నా కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి ఇవాళ ఏం ఇస్తారు? "నియమం కాపాడుకున్నాం, మీరు ఇంటికి వెళ్లండి" అంటామా? 2016 ఫిబ్రవరిలో ఫ్రీ బేసిక్స్ ఆగింది, బాగానే ఉంది. దాని బదులు ఏం వచ్చింది?

గోపాల్‌పూర్ గాలి:
ఏమీ రాలేదు, ఆ కోపం నాకూ ఉంది. రావలసింది మాత్రం కాగితం మీద ఉంది. అదే 2016 డిసెంబరులో ట్రాయే ఒక సిఫార్సు చేసింది. పల్లెల్లో ఉన్న వినియోగదారుకి నెలకి 100 ఎంబీ ఉచితంగా ఇవ్వండి, ఖర్చు మాస్టారు చెప్పిన ఆ ఫండ్ నుంచి పెట్టండి అని. ఆ 100 ఎంబీతో సుభద్ర చూసుకుంటావో, తెలుగు పేపర్ చదువుకుంటావో, మనవడి ఫోటో చూస్తావో నీ ఇష్టం. డేటా మనిషికి ఇస్తున్నారు, సైటుకి కాదు. అందువల్ల నిబంధన ఎక్కడా తప్పినట్టు కాదు. ఆ 100 ఎంబీ మన ఫోన్లలోకి రాలేదు. అడగాలంటే దాన్ని అడగండి, ఈ రోజుల్లో 100 చాలదు కాబట్టి పెంచి అడగండి.

బరంపురం బాబ్జీ:
ఉచితం ఇస్తే కంపెనీలు ఆ ఖర్చంతా మళ్లీ మన రీఛార్జ్‌లోనే రాబట్టుకుంటాయి. పోటీ ఉంటే ధర అదే దిగుతుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర నేలకి దించింది, ఏ నిబంధనా చేయని పని.

గుణుపురం రీఛార్జ్:
తమ్ముడూ, దించింది నిజమే. అప్పుడు నా షాపు గోడ మీద ఎన్ని కంపెనీల పోస్టర్లు ఉండేవి! ఎయిర్‌సెల్, డొకోమో, రిలయన్స్. అందరూ పోయారు. వొడాఫోన్, ఐడియా కలిసిపోయి కూడా నీరసంగా ఉన్నారు. ఇప్పుడు దేశంలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది రెండు కంపెనీల దగ్గరే. 2024లో ఒకరు పెంచితే వెంటనే రెండోవారు, మూడోవారు కూడా పెంచారు. దాన్ని పోటీ అంటావా?

ఇంకో సంగతి మీ ఎవరికీ తట్టలేదు. జనం ఇబ్బంది డేటా కన్నా వ్యాలిడిటీ. ప్యాక్ అయిపోగానే అవుట్‌గోయింగ్ బంద్, కొన్నాళ్లకి ఇన్‌కమింగ్ కూడా బంద్. ఓటీపీ రాదు. ఓటీపీ లేకపోతే నాగావళి అక్క సెంటర్లో కూడా పని కాదు. 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పాక కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ఓచర్లు వచ్చాయి, ఏడాది వరకు వ్యాలిడిటీ పెట్టొచ్చు. మంచిదే. కానీ వాటి గురించి అడిగితే తప్ప మాకు పైనుంచి ఎవరూ చెప్పరు. వచ్చే పోస్టర్ అంతా ఓటీటీ ఉన్న ప్యాక్‌దే.

మోడరేటర్:
ఫలానా కంపెనీ కస్టమర్ కేర్ మీద తిట్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. ఆ పోస్టుల్లో పనికొచ్చే మాట ఒకటుంది: మెనూలో తెలుగు లేదని. అది చర్చించుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
గుణుపురం చెప్పింది అన్నిటికన్నా ముఖ్యం. నిబంధన కంపెనీ చేతిని ఒక్క చోటే కట్టింది: సైటుకో ధర పెట్టకూడదు. మిగతా చేయి ఖాళీగానే ఉంది. ఎంత ధర, ఎన్ని రోజులు, ఏ ఊరికి టవర్, ఏ భాషలో జవాబు, అన్నీ వాళ్లిష్టమే. ఆ కట్టిన ఒక్క ముడీ మన చేతులతో మనమే విప్పమంటే ఎలాగండీ? అమెరికాలో చూడండి, ఇలాంటి నిబంధనే 2015లో పెట్టారు, 2017లో తీసేశారు, 2024లో మళ్లీ పెట్టారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. మన దగ్గర 2018లో లైసెన్సు షరతుల్లోకి కూడా ఎక్కి నిలబడింది. ఒకసారి మినహాయింపు మొదలైతే సర్కారు సైట్ల వెనకే ఇంకెవరెవరో వరసలో నిలబడతారు.

నాగావళి (రాయగడ):
సరే, అర్జీ ఇలా రాస్తున్నాను. మొదటిది, వ్యాలిడిటీ అయిపోయినా ఓటీపీ మెసేజ్ ఆగకూడదు. రెండోది, పల్లె వినియోగదారుకి నెలకి కొంత డేటా, ఏ సైటుకైనా, ఫండ్ ఖర్చుతో. మూడోది, టవర్ల జాబితా పంచాయతీ వారీగా గోడ మీద అంటించాలి. సైట్ల మినహాయింపు అడగడం ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను, వదిలేశానని కాదు. రెండేళ్లలో ఆ డేటా రాకపోతే మళ్లీ ఇక్కడికే వచ్చి ఇదే అడుగుతా.

బరంపురం బాబ్జీ:
నేను రెండోదానికి ఒప్పుకోను, మిగతా రెండిటికీ సంతకం పెడతా. ఒక డౌటు. కొటియా వైపు ఊళ్ల సంగతేంటి? ఇరవై ఒక్క ఊళ్లు, మావంటే మావని రెండు రాష్ట్రాలూ కోర్టులో ఉన్నాయి. కొందరికి రెండు వైపులా కార్డులున్నాయి. ఆంధ్ర సిమ్‌కి ఇస్తారా, ఒడిశా సిమ్‌కి ఇస్తారా, రెండిటికీనా?

ఘాట్ రోడ్ (పొట్టంగి):
ఫండ్ కేంద్రానిది, సర్కిల్‌తో పనేముంది? మనిషికి ఒక నంబరుకి ఇస్తే సరి, ఏదో వాడే చెప్పుకుంటాడు. అక్కా, మూడోది ఒడియాలోనూ తెలుగులోనూ అంటించమని రాయండి. మా పంచాయతీ ఆఫీసు గోడ సంగతి నేను చూసుకుంటా.