బియ్యం ఎగుమతిని ఆపే హక్కు ప్రభుత్వానికి ఉండాలా?

పొలంగట్టు (మిర్యాలగూడ దగ్గర)
2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఒక్క నోటిఫికేషన్‌తో ఆపేసింది. మళ్లీ 2024 సెప్టెంబర్ 28న గానీ వదల్లేదు, అదీ టన్నుకు కనీసం 490 డాలర్లు ఉండాలన్న షరతుతో. కొన్ని వారాలకు ఆ షరతూ పోయింది. ఇప్పుడు నిషేధం లేదు కాబట్టి నిదానంగా మాట్లాడుకోవచ్చు.

నా వాదన ఇదీ. ధర పడితే నష్టం రైతుది, ధర లేస్తే లాభం మాత్రం రైతుకు దక్కకూడదు అంటే ఎలా? 2023 ఆగస్టులో థాయ్ బియ్యం టన్ను 600 డాలర్లు దాటింది. 2008 తర్వాత అంత రేటు లేదు. ప్రపంచంలో ఎగుమతయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే. మనం గేటు వేసుకుంటే థాయ్, వియత్నాం రైతులకు కలిసొచ్చింది.

మా దగ్గర మిషన్‌తో కోసిన పచ్చి వడ్లు ట్రాక్టర్లలో మిల్లు గేటు ముందు క్యూ కడతాయి. రెండు రోజులాగితే గింజ రంగు మారుతుంది. ఆ రోజు మిల్లు వాళ్లు ఏ రేటు చెప్తే ఆ రేటుకు దింపాల్సిందే. కొనేవాళ్లు ఎంత ఎక్కువమంది ఉంటే మాకు అంత బేరం. ఎగుమతి ఆపడమంటే కొనేవాళ్లను తగ్గించడమే.

చందానగర్ వాసి
అన్నా, అదే ఆగస్టు గురించి ఇంకో మాట. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత వాన తక్కువైన ఆగస్టు లేదు. ఏడాదిలో బియ్యం చిల్లర ధర 11.5 శాతం పెరిగిందని కేంద్రమే చెప్పింది. మా వాచ్‌మన్ కుటుంబానికి ఆ పెరుగుదల అంటే కూరగాయల్లో కోత.

ఇంకొకటి. కరెంటు ఉచితం, యూరియా బస్తా 266 రూపాయలు, పైగా మద్దతు ధర. ఇదంతా జనం సొమ్ము. కరువు భయం ఉన్నప్పుడు ఆ పంట మీద జనానికి ముందు హక్కు ఉండదా? మార్కెట్ స్వేచ్ఛ అమ్మేటప్పుడే గుర్తొస్తే ఎలా?

గోదావరి గాలి (కాకినాడ)
పోర్టు వైపు నుంచి చెప్తానండి. నోటిఫికేషన్ వచ్చేనాటికే లోడింగ్ మొదలైతే వదిలారు, మరికొన్ని మినహాయింపులూ ఇచ్చారు. అగ్రిమెంట్ ఉన్నా సరుకు ఓడ దాకా రానివాళ్లు ఇరుక్కుపోయారు. ఉప్పుడు బియ్యం సంగతి వేరు. ఆగస్టు 25న 20 శాతం సుంకం వేశారు, లాభం తగ్గింది కానీ బస్తాలు ఎక్కుతూనే ఉన్నాయి, హమాలీలకు పని ఆగలేదు.

నాకు నచ్చనిది ఆ తర్వాత జరిగింది. ఏదైనా దేశం అడిగితే కేంద్రం ఇంతని కోటా ఇచ్చేది, అదీ నేషనల్ కోఆపరేటివ్ ఎక్స్‌పోర్ట్స్ లిమిటెడ్ అనే సహకార ఎగుమతి సంస్థ ద్వారా. ఏళ్ల తరబడి కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య ఢిల్లీ అనుమతి వచ్చి కూర్చుంది.

డాలస్ తెలుగు
ఆ జూలైలో ఇక్కడ ఇండియన్ స్టోర్ల ముందు క్యూలు కట్టి, ఒక్కొక్కరు అయిదారు బస్తాలు పట్టుకెళ్లారు. మేం రెండు డాలర్లు ఎక్కువైనా కొనుక్కుంటాం. 2022లో నూకల ఎగుమతి ఆపినప్పుడు సెనెగల్ లాంటి దేశాల్లో వాటినే అన్నంగా తినేవాళ్ల సంగతేంటి? ఈ చర్చలో వాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి.

పొలంగట్టు
చందానగర్ అన్నా, సబ్సిడీ మాటలో బలం ఉంది. కానీ యూరియా చౌకగా ఇచ్చి వడ్ల రేటు తొక్కేస్తే ఆ సబ్సిడీ చివరికి చేరేది తినేవాళ్లకే. నేనైతే రేటు వదిలేయండి, సబ్సిడీ తగ్గించుకోండి అంటాను. మా ఊళ్లో చాలామంది ఒప్పుకోరు, అయినా అంటాను.

పేదలకంటారా, 2023 జనవరి నుంచే 81 కోట్ల మందికి మనిషికి నెలకు 5 కిలోలు ఉచితం. ఆ జూలైలో కేంద్రం తరఫున ధాన్యం నిల్వచేసే ఎఫ్‌సీఐ దగ్గర, అత్యవసరానికి ఉంచాల్సిన 135 లక్షల టన్నుల బఫర్ కంటే చాలా ఎక్కువ బియ్యమే ఉంది. ఇదే ప్రభుత్వం 2020లో నిత్యావసర సరుకుల చట్టం సవరించినప్పుడు, నిల్వ ఉండే ధాన్యం చిల్లర ధర 50 శాతం పెరిగితేనే స్టాక్ పరిమితి పెడతామంది. ఆ సవరణ రద్దయింది, అది ఎగుమతి గురించీ కాదు, నిజమే. కానీ అక్కడ 50 శాతం దాకా ఆగుతామన్నవాళ్లు ఇక్కడ 11.5కే గేటు వేశారు.

చందానగర్ వాసి
5 కిలోలు నెలంతా సరిపోవు, మిగతాది కిరాణాలోనే కొనాలి. రేషన్‌లో అప్పుడొచ్చింది దొడ్డు బియ్యం, తెలంగాణలో సన్నబియ్యం మొదలైంది 2025లో. పైగా నిషేధం ఉన్నప్పుడే సన్నాలు మద్దతు ధర కంటే పైకే పోయాయి. రైతు మునిగిపోయాడని నేననుకోను. అయితే స్టాకు అంత ఉండగా పూర్తిగా ఆపడం తొందరపాటే. గోదావరి గాలి గారు చెప్పిన సుంకమైతే ఒప్పుకుంటాను.

పొలంగట్టు
సుంకం వేసినా రేటు కొంత తగ్గుతుంది, అది నాకు ఇష్టం లేదు. అయినా నిషేధం కంటే మేలు. తప్పదనుకుంటే ఎంత వేస్తారో, ఏ ధర దాటితే వేస్తారో మే నెలలోనే చెప్పండి. జూలై 20 నాటికి మేం నార్లు పోసేశాం, కౌలు మాట్లాడేసుకున్నాం, ఎరువు అప్పు తెచ్చేసుకున్నాం. ముందే తెలిస్తే సన్నాలు వేయాలా, ఆ మడి పత్తికి వదలాలా అన్నది నేనే తేల్చుకుంటాను.