సమస్యాపూరణం: చూడఁ జూడ నిల్లు చూపు దాటె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. సందర్భం కూడా ఇస్తున్నాను. సీతమ్మధారలో ఉండే మన సభ్యురాలు ఏటికొప్పాక లక్కబొమ్మలు అమ్మడానికి డొమైన్, అంటే వెబ్‌సైటుకు పేరు, కొన్నారు. అంకుడు కర్ర బొమ్మల ఫొటోలు, ధరలు అన్నీ సిద్ధం. సైటు మాత్రం తెరుచుకోవడం లేదు. "24 నుంచి 48 గంటలు ఆగండి" అన్నారట పేరు అమ్మినవాళ్లు. ఆ ఎదురుచూపు మీదే పూరించండి. చూసేకొద్దీ ఇల్లు చూపు దాటడమేమిటి? ఆ విరోధానికి పద్యంలో కారణం కనిపించాలి.

సీతమ్మధార: నా సంగతే కాబట్టి మొదట నేనే.

కొత్త పేరు కొంటి కొండంత యాశతో
గంట గంట కంట గాంచుచుంటి
రాదు రాదు తెరకు రాత్రియుఁ బగలైన
చూడఁ జూడ నిల్లు చూపు దాటె

నిర్వాహకుడు: రెండో పాదం నడక హాయిగా ఉందమ్మా. గణాలు, యతులు సరిపోయాయి. చిక్కంతా అర్థంలో ఉంది. "రాదు రాదు" అన్నాక "చూపు దాటె" అని ఎలా అంటాం? దాటాలంటే ముందు ఒకసారైనా కంటపడాలి కదా. మూడో పాదం మార్చి చూడండి.

మద్దిలపాలెం: మాస్టారూ, నేను ఈ పనిలోనే ఉన్నాను. తొందరపడి చూడటమే ఆలస్యానికి కారణం కావచ్చు.

సంబరాన నడుగ సర్వరు లేదని
వ్రాసి దాచి చెప్పె వరుసగాను
తొందరించి నేను తొలినాడె తట్టఁగా
చూడఁ జూడ నిల్లు చూపు దాటె

పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌ను పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపొందించారు. మన బ్రౌజర్ అడిగితే మధ్యలో ఉండే సర్వర్ పై సర్వర్లను అడిగి, ఆ జవాబును కొంతకాలం దాచుకుంటుంది. ఆ గడువే టీటీఎల్, సెకన్లలో ఉంటుంది. 86400 అని ఉంటే ఒక రోజు. "అలాంటి పేరు లేదు" అన్న జవాబును కూడా అలాగే దాచుకోవచ్చు. దాని నియమాలను 1998లో ఆర్ఎఫ్‌సీ 2308 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం స్పష్టం చేసింది. పేరుకు చిరునామా రికార్డులు పెట్టకముందే చూస్తే ఆ "లేదు" గడువు తీరేదాకా మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

నిర్వాహకుడు: భేష్! సమస్యలోని విరోధాన్ని శాస్త్రంతోనే విడగొట్టావు బాబూ. నాకు ఈ వారం అన్నిటికంటే నచ్చిన ఊహ ఇది. మూడో పాదంలో "నేను" మాత్రం గణం కోసం వచ్చిన మాట. తట్టింది దేన్నో పద్యంలో లేదు. "తొందరించి తలుపు తొలినాడె తట్టఁగా" అంటే గణం చెడదు, ఇల్లు అన్న మాటకూ ఊతం దొరుకుతుంది.

మద్దిలపాలెం: తలుపే ఉంచుతాను మాస్టారూ.

పెందుర్తి పంపిన పద్యంలో రెండో పాదం: "ఓపికున్న వాఁడె గెలుచు నింట".

నిర్వాహకుడు: యతి తప్పింది. "ఓ"కి "గె" కుదరదు. "ఓపికున్న వాఁడె యొడ్డుఁ జేరు" అనండి. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లం, ఆ మాట మనకు అందుబాటులోనే ఉంది.

గాజువాక:

బీచిరోడ్డులోన బిడ్డ ఫోనునఁ దోఁచె
ఇంటి కేగి తెరువ నేమి లేదు
పాత బదులె పలుకఁ బట్టుగా రౌటరు
చూడఁ జూడ నిల్లు చూపు దాటె

నిర్వాహకుడు: ఇక్కడ కనబడింది, కనుమరుగైంది. "దాటె" పూర్తిగా నిలిచింది. "చూడఁ జూడ"కు బలం కాస్త తక్కువ.

మద్దిలపాలెం: విషయం నిజమే అన్నా. ఫోన్ డేటా అడిగే సర్వర్ వేరు, ఇంటి నెట్ అడిగేది వేరు. సీతమ్మధార అక్కా, రౌటర్ ఆపి మళ్లీ వేయండి. డీఎన్ఎస్‌లో గూగుల్ సర్వర్ 8.8.8.8 పెట్టి కూడా చూడండి.

భీమిలి: ఇంకో ప్రమాదం ఉంది.

పక్షమయ్యె మెయిలు బదులీక యుండఁగా
నిన్నఁ దోఁచె నేఁడు నిలిచి పోయె
ధ్రువము చేయు లింకు తుక్కులోఁ జిక్కఁగా
చూడఁ జూడ నిల్లు చూపు దాటె

నిర్వాహకుడు: "పక్షము" కావాలనే వేశారా?

భీమిలి: అవును మాస్టారూ. డాట్ కామ్ లాంటి పేర్లకు మెయిల్ చిరునామా మనదేనని 15 రోజుల్లో ధ్రువీకరించాలి. లేదంటే నడుస్తున్న సైటు కూడా ఆగిపోవచ్చు. స్పామ్ పెట్టె తప్పకుండా చూసుకోండి.

నిర్వాహకుడు: "ధ్రు"కి "తు" యతి చక్కగా పడింది. అందరూ ఎదురుచూపులోనే ఉండిపోతే మీరు తెరుచుకున్న తర్వాతి సంగతి పట్టుకున్నారు.

సీతమ్మధార: మెయిల్ స్పామ్‌లోనే ఉంది! లింకు నొక్కేశాను. ఇందాక సైటు ఒకసారి తెరుచుకుని, రిఫ్రెష్ కొడితే మళ్లీ పోయింది. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

మెరిసె నొక్కసారి మిణుగురై యంతలో
చూడఁ జూడ నిల్లు చూపు దాటె

మద్దిలపాలెం: టెన్షన్ పడకండి అక్కా. కొన్ని సర్వర్లకు కొత్త జవాబు అందింది, కొన్నిటికి ఇంకా లేదు. అందుకే ఒకసారి వచ్చి ఒకసారి పోతోంది.

నిర్వాహకుడు: యతి కుదిరింది, "దాటె"కు ఆధారమూ దొరికింది. ఇక రెండో పాదంలోని "చుంటి"ని "నపుడు"గా మార్చండమ్మా. "గంట గంట కంట గాంచు నపుడు, మెరిసె నొక్కసారి" అని వాక్యం తెగకుండా సాగుతుంది.