అప్‌డేట్: రాజమండ్రి వెళ్లొచ్చాను, స్నేహితుల్ని కలిశాను

ఆరేళ్ల తర్వాత సంక్రాంతికి ఇంటికెళ్తున్నాను, ఉండేది తొమ్మిది రోజులే, టెన్త్ స్నేహితుల్ని ఎలా కలవాలి, అప్పు దగ్గర మాటలు ఆగిపోయినవాడికి ఫోన్ చేయాలా వద్దా అని అడిగాను కదా.

అందరినీ ఒకే రోజు పిలవమన్న సలహా బెడిసికొట్టింది. తప్పు నాదే, కనుమ రోజు పెట్టాను. "కనుమ నాడు కాకైనా కదలదు, ఎవరొస్తార్రా?" అని అమ్మ ముందే నవ్వింది. ముగ్గురొచ్చారు. మిగతావాళ్లు అత్తారిళ్లలో ఇరుక్కున్నారు.

ముగ్గురే అవడం మంచిదైంది. పుష్కర ఘాట్ మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చున్నాం. ఎదురుగా పాత హేవలాక్ వంతెన. 1997లో దాని మీద రైళ్లు ఆగకముందు పెట్టెలు లెక్కపెట్టేవాళ్లం, ఎవరి లెక్కా కలిసేది కాదు. ఇప్పుడేమో బీపీ మాత్రలు, పిల్లల ఫీజుల లెక్కలు.

ఇక అప్పు దగ్గర మాటలు ఆగిపోయినవాడికి ఫోన్ చేయలేదు, ధైర్యం చాలలేదు. మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగుతుంటే వాడే ఎదురయ్యాడు. "ఎప్పుడొచ్చావురా?" అన్నాడు, నిన్ననే మాట్లాడుకున్నట్టు. పాత సంగతి ఇద్దరం ఎత్తలేదు. డబ్బులు మాత్రం వాడే ఇచ్చాడు. రోజ్ మిల్క్‌వి లెండి!