ఏఐఎఫ్ (ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్) మేనేజర్ ఎగ్జామ్ (19-సి): వాటర్‌ఫాల్ లెక్కలు బుర్రకెక్కట్లేదు, మీరు ఎలా చదివారు?

పాతలెడ్జర్:

అందరికీ నమస్తే. నేను సీఏ చేసి నాలుగేళ్లు ఫండ్ అకౌంటింగ్‌లో ఉన్నా, ఎన్‌ఏవీలు (ఫండ్ నికర విలువ) కట్టడం, డ్రాడౌన్ నోటీసులు (ఇన్వెస్టర్లు ఇస్తామన్న డబ్బు అడిగేవి) పంపడం, ఆడిటర్లకి సమాధానాలు చెప్పుకోవడం ఇదే పని. రెండు నెలల కింద ఒక చిన్న కేటగిరీ 2 (ప్రైవేట్ ఈక్విటీ లాంటి) ఫండ్‌లో ఇన్వెస్ట్‌మెంట్ టీమ్‌లోకి మారా. వచ్చిన వారానికే మా సారు పిలిచి "సర్టిఫికెట్ ఉన్నాయన మానేస్తున్నాడు, నువ్వు ఎన్‌ఐఎస్‌ఎం 19-సి రాసెయ్, నీకు అదో లెక్కా" అన్నారు. నేను కూడా అలాగే అనుకుని ఎన్‌ఐఎస్‌ఎం (సెబీ పెట్టిన, ఈ పరీక్షలు నడిపే సంస్థ) వర్క్‌బుక్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా. ఇప్పుడు ఎగ్జామ్ ఇంకో నాలుగు వారాలుంది, చూస్తే సగం కూడా అవ్వలేదు. రోజూ రాత్రి పదింటికి తెరుస్తా, పదిన్నరకి రెగ్యులేషన్స్ చాప్టర్‌లో నిద్రపోతా.

నా డౌట్లు: వర్క్‌బుక్ ఒక్కటే చాలా, కోచింగ్ తీసుకోవాలా? రెగ్యులేషన్స్‌లో ఇన్ని పర్సెంటేజీలు, ఇన్ని కోట్లు ఎలా గుర్తుపెట్టుకున్నారు? డిస్ట్రిబ్యూషన్ వాటర్‌ఫాల్ (వచ్చిన డబ్బు ఇన్వెస్టర్లకీ మేనేజర్‌కీ ఏ వరసలో పంచాలన్నది) చదివితే అర్థమైనట్టే ఉంటుంది, లెక్క ఇస్తే చేతులు ఆడట్లేదు. ఇంకోటి, మాది కేటగిరీ 2 మాత్రమే కదా, మొత్తం 19-సి రాయాలా, 19-డి సరిపోతుందా?

మూడోకప్పుటీ:

ముందు చివరి ప్రశ్నకి. 2024 మేలో సెబీ కీలక ఇన్వెస్ట్‌మెంట్ టీమ్‌లో కనీసం ఒకరికి సర్టిఫికేషన్ ఉండాలని పెట్టింది, అప్పుడు 19-సి ఒక్కటే. తర్వాత దాన్ని విడగొట్టి కేటగిరీ 1 (స్టార్టప్, ఇన్‌ఫ్రా ఫండ్లు లాంటివి), 2 వాళ్లకి 19-డి, కేటగిరీ 3 (హెడ్జ్ ఫండ్లు లాంటివి) వాళ్లకి 19-ఇ తెచ్చారు, కాబట్టి మీ ఫండ్‌కి డి సరిపోతుంది. కానీ రేపు మీ సారు కేటగిరీ 3 లో లాంగ్-షార్ట్ ఫండ్ పెడతానంటే మళ్లీ మొదటికొస్తుంది. నేనైతే సి రాస్తా. కాకపోతే సి రాయాలంటే డెరివేటివ్స్, హెడ్జింగ్, లెవరేజ్ (ఉన్న డబ్బుకి మించి పొజిషన్లు తీసుకోవడం) అదనంగా చదవాలి, నాలుగు వారాల్లో అయ్యే పనేనా అని మీరే చూసుకోండి.

కోచింగ్ వద్దు, డబ్బు దండగ. మాక్ టెస్ట్‌లు ఒక వెయ్యి ప్రశ్నలు కొట్టండి, అవే తిప్పి తిప్పి వస్తాయి, నేను అలాగే పాసయ్యా.

కాంప్లయన్స్‌అక్క:

మూడోకప్పుటీ గారూ మీకు అలా కలిసొచ్చిందేమో గానీ మాక్‌ల మీదే ఆధారపడమని మాత్రం చెప్పకండి. ఆ మధ్య మా ఆఫీసులో ఒక అబ్బాయి ఎక్కడో కొన్న ప్రశ్నల బ్యాంక్ పట్టుకుని కూర్చున్నాడు, నేను పక్క నుంచి చూస్తే ఏంజెల్ ఫండ్స్ (స్టార్టప్‌లలో పెట్టేవి) మీద ఉన్నవన్నీ పాత రూల్సే. ఏంజెల్ ఫండ్ నిబంధనలు 2025లో బాగా మారిపోయాయి, ఆ మాక్‌లో ఆన్సర్ కీ మాత్రం ఎప్పటిదో. ఎన్‌ఐఎస్‌ఎం సైట్‌లో వర్క్‌బుక్ ఉచితంగానే ఉంటుంది, మీ ఎగ్జామ్ తేదీకి ఏ వెర్షన్ వర్తిస్తుందో ముందు అది చూసుకోండి, ప్రశ్నలు దాని మీదే వస్తాయి.

రెగ్యులేషన్స్ సంగతి. బట్టీ పట్టకండి బాబూ, ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు నిలువు గీతలు గీసి కేటగిరీ 1, 2, 3 అని రాసుకోండి. మూడింటికీ ఒకటే అయినవి పైన విడిగా రాసేయండి: స్కీమ్‌కి కనీస కార్పస్ (ఇన్వెస్టర్లు ఇస్తామని ఒప్పుకున్న మొత్తం) 20 కోట్లు, ఇన్వెస్టర్ కనీసం 1 కోటి పెట్టాలి, ఆ ఫండ్ లేదా మేనేజర్ దగ్గర పనిచేసే ఉద్యోగులకీ డైరెక్టర్లకీ అయితే 25 లక్షలు, స్కీమ్‌కి ఇన్వెస్టర్లు 1000 మంది దాటకూడదు. మామూలు ఫండ్‌కి ఇవీ లెక్కలు, ఏంజెల్ ఫండ్ దారి వేరు, దాన్ని ఇందులో కలపొద్దు. ఇక గీతల్లో తేడాలు మాత్రమే రాయండి. ఒకే కంపెనీలో పెట్టే పరిమితి 1, 2 కి 25 శాతం, 3 కి 10 శాతం. 1, 2 క్లోజ్-ఎండెడ్, కనీసం మూడేళ్లు, విలువ లెక్కన మూడింట రెండు వంతుల యూనిట్‌హోల్డర్లు ఒప్పుకుంటే ఇంకో రెండేళ్ల వరకు పొడిగించుకోవచ్చు. 3 ఓపెన్-ఎండెడ్ కూడా అవ్వొచ్చు.

అసలు దెబ్బ తగిలేది "ఏది తక్కువైతే అది" అన్న మాట దగ్గర. స్పాన్సర్ (ఫండ్ పెట్టినవాళ్లు) లేదా మేనేజర్ తన సొంత డబ్బు పెట్టాలి కదా, 1, 2 లో కార్పస్‌లో 2.5 శాతం లేదా 5 కోట్లు, 3 లో 5 శాతం లేదా 10 కోట్లు, రెండింట్లో ఏది తక్కువైతే అది. కార్పస్ 150 కోట్లయితే కేటగిరీ 2 మేనేజర్ 3.75 కోట్లు, 400 కోట్లయితే 10 కాదు, 5 కోట్లే. గుర్తుకి ఒకటి చెప్తా, రెండు రూల్సూ మడత పడేది 200 కోట్ల దగ్గరే. 200 లోపు శాతం లెక్క, పైన ఫిక్స్‌డ్ అంకె. కేస్ స్టడీలో కార్పస్ చూడగానే 200 కి ఇటా అటా అన్నది చూడండి, సగం పని అయిపోతుంది. మేనేజ్‌మెంట్ ఫీజు వదులుకుని దాన్నే నా వాటా అనుకోండి అంటే కుదరదు, అది కూడా అడగదగ్గ ప్రశ్నే.

ఇంకో చిన్న తిరకాసు. ఆ 25 శాతం కార్పస్ మీద కాదు, ఇన్వెస్టబుల్ ఫండ్స్ మీద, అంటే ఖర్చుల అంచనా తీసేశాక మిగిలేది. ఆప్షన్లలో కార్పస్ మీద కట్టిన అంకె కూడా ఉంటే సీఏలే ముందు పడిపోతారు, చేతులు వేగంగా ఆడతాయి కదా :)

జేకర్వ్:

వాటర్‌ఫాల్ నేను చెప్తా, ఎందుకంటే మొదటిసారి నేను మునిగింది అందులోనే. చదివితే రాదు బ్రో, నాలుగు గిన్నెలు గీయాలి. పై గిన్నె నిండితేనే కింద దాంట్లోకి నీళ్లు.

100 కోట్ల ఫండ్, మొదటి రోజే మొత్తం తీసుకున్నారనుకో, నాలుగేళ్ల తర్వాత ఒకేసారి 180 కోట్లు వచ్చింది, ఫీజులూ ఖర్చులూ పక్కన పెట్టు. హర్డిల్ (ముందు ఇన్వెస్టర్లకి దక్కాల్సిన కనీస రాబడి) 8 శాతం ఏటా చక్రవడ్డీ, క్యారీ (లాభంలో మేనేజర్ వాటా) 20 శాతం, ఫుల్ క్యాచప్.

మొదటి గిన్నె ఇన్వెస్టర్ల అసలు 100. రెండోది హర్డిల్, 1.08 ని నాలుగుసార్లు గుణిస్తే 1.3605, అంటే 36.05 కోట్లు. మూడోది క్యాచప్, ఇక్కడ మేనేజర్ తన వాటా అందుకునేదాకా మొత్తం ఆయనకే పోతుంది, 36.05 అనేది 80 శాతం అయితే 20 శాతం ఎంత, నాలుగో వంతు, 9.01. మిగిలింది 34.94, అది 80-20 కింద ఇన్వెస్టర్లకి 27.95, మేనేజర్‌కి 6.99. మేనేజర్‌ది కూడితే సరిగ్గా 16, మొత్తం లాభం 80 లో 20 శాతం. ఈ చివరి కూడిక రాకపోతే మధ్యలో ఎక్కడో తప్పు చేశావని అర్థం.

ఇదే లెక్క క్యాచప్ లేకుండా చెయ్యి, హర్డిల్ దాటిన 43.95 మీద మాత్రమే 20 శాతం, 8.79 కోట్లు. ఒక్క మాటకి 7 కోట్ల పైన తేడా! అందుకే ప్రశ్న చదివేటప్పుడు క్యాచప్ ఉందా లేదా, హర్డిల్ చక్రవడ్డీయా బారువడ్డీయా, మొత్తం ఫండ్ మీదా డీల్ వారీగానా, ఈ మూడూ పెన్‌తో రాసుకున్నాకే లెక్క మొదలెట్టు. డీల్ వారీ అయితే వెనకే క్లాబ్యాక్ ప్రశ్న కూడా వచ్చే ఛాన్స్ ఉంది, ముందు డీల్‌లో లాభం వచ్చి క్యారీ తీసుకున్నాడు, తర్వాతి డీల్ మునిగింది, ఇప్పుడు వెనక్కి ఎంత ఇవ్వాలి అని.

డీపీఐ (కట్టిన ప్రతి రూపాయికి ఎంత వెనక్కి వచ్చింది), టీవీపీఐ (దానికి మిగిలిన పోర్ట్‌ఫోలియో విలువ కూడా కలిపితే ఎంత) తేలికే, కానీ భాగించేది కమిట్‌మెంట్‌తో కాదు, నిజంగా కట్టిన డబ్బుతో. 100 కమిట్ చేసి 60 కట్టారు, 45 వెనక్కి వచ్చింది, మిగిలిన పోర్ట్‌ఫోలియో విలువ 40. డీపీఐ 0.75, టీవీపీఐ 1.42. వందతో భాగిస్తే 0.45, 0.85 వస్తాయి, పేపర్ సెట్ చేసేవాళ్లు ఆ అంకెల్ని ఆప్షన్లలో పెట్టకుండా ఉంటారా. డబ్బు రెట్టింపు అయితే మూడేళ్లకి ఐఆర్‌ఆర్ (ఏటా రాబడి శాతం) దాదాపు 26, అదే ఆరేళ్లకి 12 చిల్లర, ఇంతమాత్రం నోటికి ఉంటే కొన్ని ఆప్షన్లు చూడగానే కొట్టేయొచ్చు.

రాత్రిబండి:

నేను ఫెయిలైన కథ చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. నెగటివ్ మార్కింగ్ ఉంది కదా (తప్పుకి ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత, పాసవ్వడానికి 60 శాతం), ఆ భయంతో డౌట్ ఉన్నవన్నీ ఖాళీగా వదిలేశా. చివరికి చూసుకుంటే ఇరవై పైచిలుకు ఖాళీలు. సబ్మిట్ కొట్టగానే స్క్రీన్ మీదే వచ్చేసింది, రెండు మార్కుల్లో పోయింది, ఆ కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు నిజంగా.

ఇంటికొచ్చి లెక్క వేశా, ఆ పని ముందే చేసుండాల్సింది. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని పెట్టినా సగటున నష్టం లేదు, ఒక మార్కు ప్రశ్నకి 0.06 లాభమే. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే సగటున 0.375. అంటే నేను వదిలేసిన ఇరవైలో సగమైనా అలాంటివి ఉంటాయి, వాటికి టిక్ పెట్టుంటే గట్టెక్కేవాడినేమో. రెండోసారి ఒక్కటి కూడా వదల్లేదు, పాసయ్యా. గుడ్డిగా పెట్టమని కాదు, ఒక్క ఆప్షన్ అయినా తప్పు అని తెలిస్తే వదలొద్దు అంటున్నా. ఫీజు కట్టే ముందు మీ పేపర్‌కి ఈ రూల్ అలాగే ఉందో లేదో టెస్ట్ డీటెయిల్స్ పేజీలో ఒకసారి చూసుకోండి.

ఇంకోటి, మీరు సి రాస్తే కేటగిరీ 3 లెవరేజ్ దగ్గర జాగ్రత్త. ఎన్‌ఏవీకి రెండు రెట్లు అంటే 100 కోట్ల మీద ఇంకో 200 అప్పు తెచ్చుకోవచ్చని కాదు, మొత్తం ఎక్స్‌పోజరే 200 దాటకూడదు. ట్యాక్స్‌లో కూడా, 1, 2 కి పాస్-త్రూ (ట్యాక్స్ ఫండ్ కాకుండా ఇన్వెస్టర్ చేతిలో పడటం) ఉంది గానీ బిజినెస్ ఇన్‌కమ్ మాత్రం ఫండ్ దగ్గరే ఆగి ట్యాక్స్ పడుతుంది, 3 కి అసలు పాస్-త్రూ లేదు. మీరు సీఏ కాబట్టి ఇది మీకు ఫ్రీ మార్కులు.

మూడోకప్పుటీ:

అక్కా ఒప్పుకుంటున్నా, నేను రాసింది 2025 మొదట్లో, అప్పటికి నా మాక్‌లు సరిపోయాయి. ఇప్పుడైతే వర్క్‌బుక్ ముందు, మాక్‌లు తర్వాత. కోచింగ్ దండగ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను!

పాతలెడ్జర్:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అక్కా మీరు చెప్పినట్టే మూడు గీతల కాగితం చేసి మానిటర్ పక్కన అంటించా, మా సారు చూసి "ఇదేంటి ఎక్కాల పట్టికా" అన్నారు. సి కే ఫిక్సయ్యా.

జేకర్వ్ బ్రో, మీ లెక్క రాత్రి కూర్చుని చేశా, 16 వచ్చింది. తర్వాత నేనే 180 తీసేసి 140 పెట్టి చూశా, లాభం 40, అందులో 20 శాతం 8 కోట్లు అని ఫటాఫట్ రాసేశా. కానీ గిన్నెలు గీస్తే 8 రావట్లేదు, నేను ఎక్కడ తప్పాను?

జేకర్వ్:

గిన్నెలే కరెక్ట్, నీ ఫటాఫట్ తప్పు. 40 లో 36.05 హర్డిల్‌కే పోయింది, మిగిలింది 3.95. క్యాచప్ గిన్నె నిండాలంటే 9.01 కావాలి, ఉన్నదే 3.95, అదంతా మేనేజర్‌కి, అక్కడితో నీళ్లు ఆగిపోయాయి. క్యారీ 3.95. నాలుగో గిన్నె ఎండిపోయింది. లాభం 45.06 దాటితేనే నీ 20 శాతం షార్ట్‌కట్ పనిచేస్తుంది. ఇప్పుడు క్యాచప్ ఫుల్ కాకుండా 50 శాతం (ఆ గిన్నెలో సగమే మేనేజర్‌కి) పెట్టి 180 కే మళ్లీ చెయ్యి, ఎంతొచ్చిందో రాయి.

పాతలెడ్జర్:

క్యాచప్ గిన్నెలో మొత్తం 24.03 పడితే అందులో సగం 12.02 మేనేజర్‌కి, మిగిలిన 19.92 లో 3.98. మళ్లీ 16 ఏ వచ్చింది?? రెండుసార్లు చేశా.

జేకర్వ్:

రెండుసార్లూ కరెక్టే. 140 కి కూడా 50 శాతంతో ఒకసారి చేసి చూడు, అక్కడ తేడా కనిపిస్తుంది. ఎగ్జామ్ అయ్యాక వచ్చి స్కోర్ చెప్పు.