రైళ్లు ఆగిపోయిన వంతెన మీదుగా నడకదారి: ముందుగా ఏమి చూడాలి?

ప్రశ్న

చాలా ఏళ్లుగా రైళ్లు నడవని ఒక ఉక్కు వంతెనను బాగుచేసి, లోయకు ఇరువైపులా ఉన్న ట్రెక్కింగ్ దారులను కలపాలని మా బృందం ఆలోచిస్తోంది. వందల టన్నుల రైలును మోసిన వంతెనకు మనుషుల బరువు ఒక లెక్కా అని చాలామంది అంటున్నారు. స్లీపర్లు (పట్టాల కింది అడ్డ దిమ్మెలు) తీసేసి, పలకలు పరిచి, రెయిలింగు కడితే సరిపోతుందా? అది తుక్కు కింద పోకుండా కాపాడుకోవాలన్నదే మా తపన.

జవాబు 1

బరువు మాట చాలావరకు నిజమే. కాకపోతే రైలు వచ్చి వెళ్లిపోతుంది, మీరు పరిచే కాంక్రీటు పలకలు మాత్రం ఎప్పటికీ వంతెన మీదే ఉంటాయి కాబట్టి, వాటి బరువును జనం బరువుతో కలిపి ఇంజనీరు చేత లెక్క కట్టించాలి. నడక వంతెనలకు అమెరికా ప్రమాణం ప్రకారం తీసుకునే జనభారమే చదరపు అడుగుకు 90 పౌండ్లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 440 కిలోలు.

జవాబు 2

నన్నడిగితే పైన పరిచేవాటి కంటే ముందు పునాదుల దగ్గరికి వెళ్లాలి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని కింజువా రైలు వంతెనను 1882లో ఇనుముతో కట్టి, 1900లో ఉక్కుతో తిరిగి నిర్మించినప్పుడు, పునాదుల్లోని పాత యాంకర్ బోల్టులనే (వంతెనను మోసే టవర్లను పునాదికి బిగించి పట్టే బోల్టులు) కాలర్లతో, అంటే రెండు ముక్కలను కలిపే తొడుగులతో, పొడిగించి వాడుకున్నారు. 2003 జూలై 21న సుడిగాలి తాకినప్పుడు, అప్పటికే తుప్పు తినేసిన ఆ బోల్టులు పట్టు వదిలేయడంతో 20 టవర్లలో 11 కూలిపోయాయి. అప్పుడు దాని మీద రైలు లేదు. దాన్ని పడగొట్టింది గాలి. నిలిచిన భాగాన్ని బలపరిచి 2011లో నడకదారిగా తెరిచారు. అందుకే ప్రతి టవరు పాదం దగ్గరా మట్టిని, ఆకుచెత్తను తొలగించి, బోల్టు కాంక్రీటులోకి దిగే చోట తుప్పు పొరలు గీకి, లోపల గట్టి లోహం ఎంత మిగిలిందో కొలిపించండి. పైకి రంగు బాగున్నంత మాత్రాన నమ్మవద్దు.

జవాబు 3

బేరింగులనూ, అంటే వంతెన కాస్త కదలడానికి వీలుగా స్తంభాల మీద ఆనుకునే భాగాలనూ, మరచిపోకండి. వంద మీటర్ల ఉక్కు 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 5 సెంటీమీటర్లు సాగుతుంది. బేరింగుల్లోని రోలర్లు తుప్పుపట్టి బిగుసుకుపోతే ఆ ఒత్తిడంతా స్తంభం మీద పడుతుంది. స్తంభాలు నీటిలో ఉంటే వాటి అడుగున ప్రవాహం మట్టిని కోసేసిందేమో కూడా పరీక్షించాలి.

ఇంత చెప్పామని వెనకడుగు వేయకండి. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నదిపై 1889లో ప్రారంభమైన పొకీప్సీ రైలు వంతెన 1974లో మంటల్లో దెబ్బతిని, దశాబ్దాలపాటు ఖాళీగా ఉండి, 2009లో కాంక్రీటు పలకల నడకదారిగా తెరుచుకుంది. పునాదుల నివేదిక చేతికి వచ్చాకే పలకలకు, రెయిలింగుకు అంచనాలు అడగండి.